అన్నయ్య సెట్టు ఎలా కాలిందంటే

చీమకుర్తి,
ఆదివారం మధ్యాహ్నం.

అన్నయ్యకు,

తమ్ముడు సాంబశివరావు నమస్కరించి రాసుకుంటున్నది. ఇక్కడ నేనూ సుజాతా బాగానే ఉన్నాం. అక్కడ నువ్వూ వదినా బాగున్నారని తలుస్తాను. ఉత్తరమంటే అలా మొదలుపెట్టాలి కాబట్టి రాశాను గానీ, నువ్వెలా ఉన్నావో వదిన ఫోనులో చెబుతూనే ఉంది. రాసి చూపించమని డాక్టరుగారిచ్చిన పలకను గోడకేసి కొట్టావట. మెడ దగ్గర ఆనించుకుని మాట్లాడే మిషను తెప్పిస్తే దాని మొహం కూడా చూడలేదట. గొంతు ఆపరేషనై ఏడాది కావస్తోంది, మంచం మీద కూర్చుని కండువాతో మెడ కప్పుకుని వీధి వైపు చూడటం తప్ప ఇంకే పనీ పెట్టుకోలేదట. నీకు అన్నం ఎలా సయిస్తోంది? జావ ఒక్కటే తాగుతున్నావా, మెత్తగా కలిపిన పప్పన్నం కూడా తింటున్నావా? ఇవన్నీ నిన్నే అడగాలనుంది. ఫోనులో నిన్ను అడిగి ఏం లాభం?

ఈ ఉత్తరాన్ని సుజాత చేతికిచ్చి పంపుతున్నాను. తనతో పాటు ఒక అట్టపెట్టె కూడా వస్తుంది. ఆ పెట్టె ముందే విప్పకు. నీకొక సంగతి చెప్పాలి, అది చదివాక పెట్టె విప్పుతావో, వీధిలో పారేస్తావో నీ ఇష్టం. చెప్పడానికి ధైర్యం చాలక ముందు నా ఊసులు రాస్తున్నాను. కాస్త ఓపిక పట్టు.

ఇక్కడ నా పని నీకు తెలిసిందే. రాయి కోసే యూనిట్లో మోటార్లు చూసుకోవడం. మిర్చికి తామరపురుగు పట్టి రెండేళ్ళు వరసగా చేను తుడిచిపెట్టుకుపోయినప్పుడు, బోరు మోటార్లు విప్పి బిగించిన చెయ్యి ఇన్నాళ్ళకు అన్నం పెడుతోంది. పని కష్టమేమీ కాదు. దుమ్ముతోనే చావు. పక్క దులిపినా, కంచం కడిగినా తెల్లటి రాతిపొడి. ఎండ ఆకాశం నుంచి సగం, రాళ్ళ మీద నుంచి సగం వస్తుంది. సుజాత మన ఊరి కారం తెచ్చుకుంది కాబట్టి కూర మటుకు మన కూరే. గోంగూర ఇక్కడా దొరుకుతుంది, కానీ పులుపు తక్కువ. కంగారుపడకు, మేం బాగానే తింటున్నాం.

నాతో పనిచేసేవాళ్ళలో సగంమంది ఒడిశా నుంచి వచ్చినవాళ్ళు. మంచివాళ్ళే. నేను వాళ్ళందరికన్నా పెద్దవాణ్ణి, అందుకని సాంబయ్య గారూ అంటారు. మేనేజరు కూడా గారూ అంటాడు. నన్ను ఒరేయ్ అని పిలిచే మనిషి ఇక్కడ ఒక్కడూ లేడు అన్నయ్యా. ఆ మాట అనే గొంతు ఒక్కటే ఉండేది, దాన్ని తీసేశారు. రాయకూడదనుకుంటూనే రాసేశాను, ఏమీ అనుకోకు.

ఇక అసలు సంగతికి వస్తాను. నేనిక్కడ ఒక రేడియో స్టేషన్ పెట్టాను. నవ్వకు. ఒకప్పుడు నువ్వు పెట్టినట్టే, లైసెన్సు తీసుకుని సరదాకి గాలిలో మాట్లాడుకునే అమెచ్యూర్ రేడియో. నీ ఆపరేషనయ్యాక నాకొక ఆలోచన వచ్చింది. మనిద్దరికీ నోరు లేకుండా మాట్లాడుకునే విద్య నాన్న ఎప్పుడో నేర్పి పెట్టాడు కదా. తంతి ఆఫీసులో టెలిగ్రాములు కొట్టిన మోర్స్‌నే, ఇంటికొచ్చి భోజనాల దగ్గర ఇత్తడి కంచం మీద గోటితో కొట్టేవాడు. యు, పి, పి, యు. ఉప్పు. అమ్మకు తెలియకుండా ఆమె వంటను మనం ముగ్గురం వెక్కిరించుకుంటున్నామని అనుకునేవాళ్ళం. ఆమె ఆ చప్పుడును చెవితోనే పట్టేసి, ఒకరోజు ఎవరూ అడగకుండా ఉప్పు డబ్బా తెచ్చి కంచాల మధ్య ఠపీమని పెట్టింది.

అందుకని ఈ వయసులో కూర్చుని పరీక్షకు చదివాను. నువ్వు ఇరవయ్యో ఏట పాసైన పరీక్ష నేను యాభై దాటాక పాసయ్యాను. లైసెన్సు చేతికొచ్చి రెండు నెలలైంది. నీకు చెప్పలేదు. అంతా సిద్ధం చేసి చెబుదామనుకున్నాను.

కొత్త సెట్టు కొనే స్తోమత నాకెక్కడిది? పరీక్ష దగ్గర పరిచయమైన ఒకాయన, ఒంగోలులో ఆంజనేయులు గారని ఒక పెద్దాయన పాత సెట్టు ఇచ్చేస్తున్నాడని చెప్పాడు. ఆ పెద్దాయన కరెంటాఫీసులో చేసి రిటైరైన మనిషి. నలభై ఏళ్ళు గాలిలో మాట్లాడినాయనకు ఇప్పుడు చెవులు పూర్తిగా పోయాయి. ఆయన మాట్లాడతాడు, మనం చెప్పేది మాత్రం నోటుపుస్తకంలో రాసి చూపించాలి. బల్లకు దారం కట్టి పెన్ను వేలాడదీసుకున్నాడు. నేను వచ్చిన పని రాసి చూపిస్తే, ఆయన అరచెయ్యి బల్ల మీద ఆనించి, నీ పేరు బల్ల మీద కొట్టవయ్యా అన్నాడు. కొట్టాను. అదురును చేత్తో చదువుకుని, పుస్తకం చూసి నేర్చిన చెయ్యి కాదిది, ఎవరు నేర్పారని అడిగాడు. మా నాన్న, చీరాల తంతి ఆఫీసు అని రాశాను. లేచి వెళ్ళి సెట్టు తెచ్చి నా ముందు పెట్టాడు.

సెట్టు తప్ప మిగతాదంతా పోగేసిందే. లారీలో పనికిరాదని తీసేసిన బ్యాటరీ ఒకటి సెట్టుకు బ్రహ్మాండంగా సరిపోయింది. యూనిట్లో అరిగిపోయిన హాక్సా బ్లేడు ముక్కను చెక్కకు బిగించి మోర్స్ కొట్టే కీ చేసుకున్నాను. ఇంటి వైరింగుకు వాడే తీగను రెండుగా చీల్చి, అటు పది మీటర్లు ఇటు పది మీటర్లు కొలిచి, మధ్యలో పైపు ముక్క పెట్టి, వాడరేవు నుంచి తెప్పించిన వల తాడుతో మేడ మీద రెండు సరుగుడు కర్రలకు ఏరియల్ కట్టాను. అక్కడి నుంచి సెట్టుకు కేబుల్ టీవీవాళ్ళు వదిలేసిన పాత వైరు. కట్టిన మర్నాడు పని నుంచి వచ్చి చూస్తే ఇంటి ఓనరమ్మ ఆ తీగ నిండా చీరలు ఆరేసింది. సాంబయ్య గారు మంచి దండెం కట్టాడని ఊరంతా చెప్పుకుందట. ఆమెకు వేరే దండెం కట్టిచ్చి చేతులు జోడించాను.

అంతా చేశాక సెట్టు వేస్తే ఒకటే జర్రుమనే రొద. పాడైపోయిందేమోనని బెంబేలెత్తాను. తర్వాత అర్థమైంది, ఊరు నిండా కోతమిషన్లు కదా, అవి తిరిగినంతసేపూ ఆ రొద తప్ప ఇంకేమీ వినపడదు. కరెంటు పోతే అందరూ తిట్టుకుంటుంటే నేనొక్కణ్ణే సంతోషంగా మేడెక్కేవాణ్ణి. ఆదివారం మిషన్లకు సెలవు. ఆ రోజు మధ్యాహ్నం మటుకు గాలి కడిగినట్టు ఉంటుంది, ఎక్కడెక్కడివాళ్ళో వినపడతారు. అందుకని ఆదివారం కోసం వారమంతా ఎదురుచూశాను.

ఆ మొదటి ఆదివారం నాడు నేనొక పని చేశాను. ముందురోజు సాయంత్రం ఉరుములొస్తే, పిడుగు భయానికి ఏరియల్ వైరు సెట్టు నుంచి నేనే పీకేశాను. నువ్వూ నాన్నా మబ్బు పట్టగానే ముందు ఆ వైరు దగ్గరికే పరిగెత్తేవారు కదా, ఆ అలవాటే. మర్నాడు మిషన్లు ఆగి ఊరు నిశ్శబ్దంగా ఉండేసరికి ఆత్రం ఆగలేదు. బ్యాటరీ తగిలించాను, కీ నొక్కాను. వైరు కింద నేల మీదే ఉంది. పంపినది పోవడానికి దారిలేక సెట్టులోనే వేడెక్కి, లోపలి ట్రాన్సిస్టర్లు నిమిషంలో కాలిపోయాయి. సన్నగా పొగ, ఆ కమురు వాసన.

ఆ వాసన నాకు కొత్త కాదు అన్నయ్యా.

సెట్టు గుడ్డలో చుట్టుకుని మళ్ళీ ఒంగోలు వెళ్ళాను. కరెంటు ఎగుడుదిగుడై కాలిందని చెబుదామని బస్సులోనే మాటలు కూర్చుకున్నాను. బ్యాటరీ మీద నడిచే సెట్టుకు ఎగుడుదిగుడేమిటని కూడా తోచలేదు, అబద్ధం అంత తొందరగా వచ్చేసింది. తీరా ఆయన ముందు కూర్చుంటే, ఆయనకు వినపడదు. నోటితోనైతే గబగబా అనేసేవాణ్ణి. పెన్ను పట్టుకుని ఆ అబద్ధాన్ని అక్షరాలుగా రాయాల్సి వచ్చేసరికి చెయ్యి కదలలేదు. చివరికి, ఏరియల్ తగిలించకుండా నొక్కానండీ అని రాశాను.

ఆయన నవ్వాడు. "మా రేడియోవాళ్ళందరం ఒక్కసారైనా ఆ పని చేసినవాళ్ళమేనయ్యా, సిగ్గుపడమాక" అన్నాడు.

నాకిది రెండోసారండీ అని రాశాను. ఎందుకు రాశానో నాకే తెలియదు. ఆయన నవ్వు ఆపి నా వైపు చూశాడు. పుస్తకం నా ముందుకు జరిపాడు. అందులో రెండు పేజీలు రాశాను. ఆ రెండు పేజీలే ఇప్పుడు నీకు రాస్తున్నాను.

మన కల్లంలో మిరపకాయలు ఆరబోసి ఉండగా ఉన్నట్టుండి వాన పట్టిన రోజు నీకు గుర్తుండే ఉంటుంది. నువ్వూ అమ్మా పట్టాలు తీసుకుని కల్లానికి పరిగెత్తారు. నాన్న డ్యూటీ నుంచి అప్పుడే వచ్చాడు. ఉరుములు చూసి నీ సెట్టు దగ్గరికెళ్ళి ఏరియల్ పీకి, చొక్కా అయినా మార్చుకోకుండా మీ వెనకే వచ్చాడు. జ్వరమని చెప్పి నేను ఇంట్లో పడుకున్నాను. నాకు జ్వరం లేదు, ఒళ్ళు బద్ధకం. వాన ఎంత తొందరగా వచ్చిందో అంత తొందరగా వెలిసింది. నేను లేచి నీ బల్ల దగ్గర కూర్చున్నాను. నువ్వు నన్ను ముట్టుకోనిచ్చేవాడివి కాదు, లైసెన్సు లేనివాడు నొక్కకూడదని. ఎవరూ లేరు కదా, నీ పేరుతో ఒక్కసారి పిలిచి చూద్దామని నొక్కాను. నాన్న వైరు పీకాడని నాకు తెలియదు. కింద చూడనైనా చూడలేదు.

పొగ రావడం, నాన్న తడిసిన చొక్కాతో గుమ్మంలోకి రావడం ఒకేసారి జరిగాయి. నా చెయ్యి ఇంకా కీ మీదే ఉంది. నాన్న నా చేతి వంక చూశాడు, నేల మీద ఉన్న వైరు వంక చూశాడు. చొక్కా మార్చుకోవడానికి లోపలికి వెళ్ళిపోయాడు.

సాయంత్రం నువ్వొచ్చి సెట్టు వేసి, పనిచెయ్యక, ఎవరు ముట్టుకున్నారని ఇల్లంతా అరిచావు. నేను దుప్పటి ముసుగులో ఉన్నాను. నాన్న అన్న మాట నాకు స్పష్టంగా వినపడింది. "వానొస్తుంటే వైరు పీకింది నేనేరా. నేనే ఏదో చేసుంటాను." నువ్వు ఆయన్ని అనకూడని మాటలన్నావు. "ముసలాడివి, నీకెందుకు ఇవన్నీ? వచ్చీరాని చేత్తో ముట్టుకోకపోతే చచ్చిపోతావా?" అన్నావు. ముప్పై ఏళ్ళు కీ నొక్కి బతికిన మనిషిని పట్టుకుని వచ్చీరాని చెయ్యి అన్నావు. నేను దుప్పటి తియ్యలేదు.

మూడేళ్ళు ఒక్కో ముక్కా తెచ్చి కట్టుకున్న సెట్టు అది. నువ్వు దాన్ని అటక మీద పడేసి, మళ్ళీ ఇంకోటి కట్టలేదు. నాన్న ఆ రోజు తర్వాత ఇంకో నాలుగేళ్ళు బతికాడు. ఆ నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా కంచం మీద గోటితో కొట్టలేదు. అమ్మ కావాలని ఉప్పు తక్కువ వేసి చూసేది, నాకు తెలుసు. ఆయన చప్పగానే తినేసి లేచేవాడు. నేను ఎదురుగా కూర్చుని తిన్నాను. రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటుండగానే ఆయన పోయాడు. నువ్వు తల కొరివి పెట్టి వచ్చాక, ఆయనతో సరిగ్గా మాట్లాడలేదని అరుగు మీద కూర్చుని ఏడ్చావు. నేను పక్కనే ఉన్నాను. అప్పుడైనా చెప్పాల్సింది. చెప్పలేదు. పిరికివాణ్ణి అన్నయ్యా, ఇంకేం కారణం లేదు.

ఆంజనేయులు గారు రెండు పేజీలూ చదివి, కళ్ళజోడు తీసి, "చెప్పావా?" అని అడిగాడు. మా నాన్న పోయి చాలా ఏళ్ళైందండీ అని రాశాను. "మీ నాయనకి తెలుసుగా. మీ అన్నకి చెప్పావా అంటున్నా" అన్నాడు.

నేను పెన్ను వదిలేశాను. తన చేతులు వణుకుతాయని, ఆయన పక్కన కూర్చుని చెబుతూ నా చేతే కాలినవి తీయించి వేరేవి అతికించాడు. వచ్చేటప్పుడు బీరువాలోంచి చిన్న సెట్టు ఒకటి తీశాడు. టిఫిన్ డబ్బా అంత ఉంటుంది. ఆయనే స్వయంగా కట్టుకున్నది, మాటలు పోవు, మోర్స్ మాత్రం పోతుంది. మీ అన్నకివ్వు అన్నాడు. పెట్టెలో ఉన్నది అదే.

పోయిన ఆదివారం నా సెట్టు పలికింది. చిత్రదుర్గ నుంచి ఒకాయన జవాబిచ్చాడు. నా పేరు తప్పుగా కొట్టి, మళ్ళీ సరిచేసుకుని, వాతావరణం అడిగాడు. ఎండ అని చెప్పాను. సంతోషం వేసింది గానీ, ఎంతసేపూ నువ్వు కొట్టే తీరే గుర్తొచ్చింది. ఆయన కీ పెట్టేశాక కూడా, ఇంకెవరైనా పిలుస్తారేమోనని చాలాసేపు ఊరికే విన్నాను.

నీ లైసెన్సు ఇంకా ఉందో లేదో తెలుసుకుందామని, నీకు తెలియకుండా ట్రంకుపెట్టెలో వెతకమని వదినకు చెప్పాను. ఆమె మీద కోపం తెచ్చుకోకు, నేనే బతిమాలాను. దొరికింది. ఇంకా గడువుంది. ఇన్నేళ్ళూ సెట్టు లేకపోయినా, గడువు తీరినప్పుడల్లా నువ్వు దాన్ని రెన్యువల్ చేయిస్తూనే వచ్చావని కాగితాలు చూసి వదిన చెప్పింది. ఫోను పెట్టేశాక మేడ మీదికెళ్ళి ఏడ్చాను. సుజాత ఏమైందని అడిగితే కంట్లో రాతిపొడి అన్నాను. ఇప్పుడు ఆమెకూ అంతా చెప్పాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ఇదంతా నేనే వచ్చి నీ ఎదుట కూర్చుని చెప్పాలి. పర్చూరు ఇక్కడికేం దూరం? అక్కడి బస్టాండు దాకా రెండుసార్లు వచ్చి తిరిగి వెళ్ళిపోయాను. నువ్వు ఏమీ అనలేక అలా చూస్తూ కూర్చుంటావని తెలుసు. ఆ చూపుకు నేను తట్టుకోలేను. అందుకని సుజాతను పంపుతున్నాను.

పెట్టె విప్పితే సెట్టుతో పాటు కీ, ఏరియల్ తీగ కూడా ఉంటాయి, తీగ కొలిచి కోసే ఉంచాను. పొగాకు ఆరబెట్టే బ్యారన్ గోడ నుంచి కొబ్బరిచెట్టుకు కట్టించు. బ్యాటరీ కోసం వెతకనక్కరలేదు, మిర్చికి మందు కొట్టే స్ప్రేయర్ బ్యాటరీ చాలు. ఏ మీటరు బ్యాండు మీద ఉంటానో సెట్టు మూత మీద రాసి అతికించాను. సుజాత నాలుగు రోజులు అక్కడే ఉంటుంది, నీకు నచ్చిన మెత్తటి పెసరకట్టు చేసి పెడుతుంది. వచ్చేటప్పుడు వదిన చేతి చింతకాయ పచ్చడి కాస్త ఇచ్చి పంపమను. వదినకు నా నమస్కారాలు చెప్పు. మేనత్త వస్తే నేను కాళ్ళకు దండం పెట్టానని చెప్పు. నా ఆరోగ్యం గురించి బెంగపడకండి, దగ్గు తగ్గింది.

ప్రతి ఆదివారం మధ్యాహ్నం మూడింటికి నేను సెట్టు ముందు కూర్చుంటాను. ముందు నేను పిలుస్తాను, తర్వాత గంటసేపు వింటాను. నువ్వు పలకకపోతే పై ఆదివారం మళ్ళీ కూర్చుంటాను. క్షమించమని అడగడం లేదు. నీ దీవెన అడిగే మొహం కూడా నాకు లేదు, అయినా పెద్దవాడివి, అలవాటుగా చెయ్యి చాస్తున్నాను.

ఆ రోజు నువ్వు నాన్నను తిట్టిన తిట్లు నావి. నాకు రావలసినవి ఆయన తీసుకుని వెళ్ళిపోయాడు. అవి నాకు తిట్టు అన్నయ్యా. గాలిలో బూతులు కొట్టకూడదని రూలుంది, అవి మటుకు మింగేసి మిగతావన్నీ తిట్టు. ఒక్కో అక్షరమే కొట్టు, సాయంత్రం దాకా పట్టినా వింటాను. గొంతు లేదన్న వంకతో మాత్రం నన్ను వదిలెయ్యకు.

నీ తమ్ముడు,
సాంబశివరావు